ఉప్పు మడుల మీదుగా లా రొషెల్ దాకా: వెలోడిస్సే సైకిలు దారిపై సమీక్ష

ఫ్రాన్సు పశ్చిమాన, బ్రిటనీలోని రోస్కోఫ్ రేవు నుంచి స్పెయిన్ సరిహద్దును ఆనుకొని ఉన్న ఆండాయ్ దాకా సుమారు 1,300 కిలోమీటర్ల మేర సాగే సైకిలు దారిని వెలోడిస్సే అంటారు. నార్వే ఉత్తరపు కొస నుంచి పోర్చుగల్ దాకా గుర్తించిన యూరోవెలో 1 అనే యూరప్ సైకిలు మార్గంలో ఫ్రాన్సు వాటా చాలావరకు ఇదే. అంత దారినీ ఒక్క విడతలో పూర్తిచేసే తీరిక ఉద్యోగస్తులకు దొరకదు కనుక, ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపాలన్నదే ముందుగా తేల్చుకోవలసిన విషయం. నన్నడిగితే లువార్ నదికి దక్షిణాన ఉన్న పోర్నిక్ పట్టణం నుంచి లా రొషెల్ దాకా ఉన్న సుమారు 250 కిలోమీటర్ల భాగాన్ని ఎంచుకోమంటాను. సముద్ర స్నానాలే ముఖ్యమనుకునేవారికి ఇంతకంటే మంచి తీరాలు ఫ్రాన్సులోనే చాలా ఉన్నాయి. ఈ దారి గొప్పదనమంతా దాని ఉప్పు మడుల్లోనూ, కాలువ గట్ల మీదా, ఆవులు మేసే చిత్తడి బీళ్లలోనూ ఉంది. ప్రచార పత్రాల మీద మాత్రం ఎప్పుడు చూసినా ఇసుక తిన్నెలే కనిపిస్తాయి.

ముందుగా దారి నాణ్యత సంగతి చెప్పాలి. వెలోడిస్సేలో అధిక భాగం మోటారు వాహనాలకు ప్రవేశం లేని బాటే అయినా, ఆ సౌకర్యం అన్నిచోట్లా ఒకే తీరుగా ఉండదు. పైన్ అడవుల్లోనూ కాలువల వెంబడీ ఉన్న బాటలు అచ్చంగా సైకిళ్లకూ పాదచారులకూ మాత్రమే ఉద్దేశించినవి. చిత్తడి నేలల్లో అలా కాదు. అక్కడ చాలాచోట్ల దారి పొలాల మధ్య సన్నటి తారు రోడ్డు మీదుగా పోతుంది. ఆ రోడ్డు మీద స్థానిక రైతుల ట్రాక్టర్లు, ఆల్చిప్పల పెంపకందారుల వ్యాన్లు తిరుగుతాయి. గంటకు నాలుగైదు బళ్లు ఎదురైతే ఎక్కువ, అవి కూడా సైకిలు కనిపించగానే వేగం తగ్గించి పక్కకు ఒదుగుతాయి కనుక ఇబ్బందేమీ లేదు. అయితే చిన్నపిల్లలను సొంత సైకిళ్ల మీద వెంటబెట్టుకొని వెళ్లదలచినవారు ఈ తేడాను ముందే తెలుసుకోవడం అవసరం. పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఫ్రాన్సులో హెల్మెట్ తప్పనిసరి అన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

బాట ఉపరితలం ఒక్కో ఊరి పరిధిలో ఒక్కోలా ఉంటుంది. కొంతదూరం నున్నటి తారు, ఆ వెంటనే గట్టిగా అణగదొక్కిన మొరం, ఇసుక దిబ్బలకు దగ్గరైన చోట గాలికి కొట్టుకొచ్చి పేరుకున్న మెత్తటి ఇసుక. సన్నటి రేసు టైర్లతో వచ్చేవారు ఇక్కడ విసుగెత్తిపోవడం ఖాయం. కాస్త వెడల్పాటి టైర్లున్న సాధారణ ప్రయాణ సైకిలు చాలు. మిట్టలు దాదాపుగా లేవు కనుక గేర్లు ఎక్కువ ఉండాల్సిన పనీ లేదు. దారి సూచికలకు మాత్రం పూర్తి మార్కులు వేయవచ్చు. తెల్లటి పలక మీద ఆకుపచ్చ అక్షరాలు, పక్కనే యూరోవెలో గుర్తు ప్రతి మలుపు దగ్గరా ఉంటాయి. ఫోను తీయకుండానే గంటల తరబడి వెళ్లవచ్చు. పట్టణాల్లో కొత్త నిర్మాణాలు జరిగే చోట మాత్రమే ఈ పలకల వరుస అప్పుడప్పుడు తెగుతుంది. కార్లను ఆపడానికి బాట మొదట్లో పాతిన అడ్డుకమ్మీలు కొన్నిచోట్ల మరీ ఇరుకుగా ఉండడం వల్ల, వెనక పిల్లల బండి తగిలించుకొన్నవారు దాన్ని విప్పి దాటించవలసి వస్తుంది. రెండు వైపులా సంచులు వేలాడే సైకిలుకు కూడా అక్కడ ఒడుపు కావాలి.

పోర్నిక్ దాటి బూర్న్యఫ్ అఖాతం అంచుకు చేరేసరికి మరే బ్రెటాన్ అనే చిత్తడి నేల మొదలవుతుంది. మధ్యయుగంలో ఉత్తర జర్మనీ, బాల్టిక్ రేవుల నుంచి వర్తకుల ఓడలు చేపలను నిల్వచేసే ఉప్పు కోసం ఈ అఖాతానికే వచ్చేవి. ఇప్పుడు ఆ మడుల్లో చాలావరకు గడ్డి బీళ్లుగా, చేపల చెరువులుగా మారిపోయాయి. పనిచేసే మడులు కొన్ని మాత్రం మిగిలాయి. నౌపడలోనో చినగంజాంలోనో ఉప్పు పండించడం చూసినవారికి పద్ధతి పెద్దగా కొత్తగా అనిపించదు. పోటు సమయంలో ఉప్పుటేరు గుండా వచ్చిన నీటిని ముందుగా ఒక పెద్ద చెరువులోకి మళ్లిస్తారు. అక్కడి నుంచి లోతు తగ్గుతూ పోయే మడుల్లోకి మెల్లగా వదులుతారు. ఎండకూ గాలికీ చిక్కబడుతూ వచ్చిన ఆ నీరు చివరి మడికి చేరేసరికి అంగుళం లోతు కూడా ఉండదు. అడుగున బంకమన్ను కాబట్టి అక్కడ పేరుకునే గళ్ల ఉప్పు బూడిద రంగులో ఉంటుంది. గాలి తక్కువగా ఉన్న సాయంత్రాల్లో నీటి మీద పాలమీగడలాగా తేలే తెల్లటి పొరను పొడవాటి కర్రకు బిగించిన బల్లతో, అడుగు మన్ను కదలకుండా, ఒడ్డుకు లాగుతారు. ఖరీదైన హోటళ్లలో చిటికెడు చొప్పున చల్లే ఉప్పు అదే. కొందరు రైతులు మడి గట్టు మీదే చిన్న బల్ల వేసి అమ్ముతారు. సైకిలు ఆపి రెండు మాటలు మాట్లాడితే, ఆ రోజు గాలి ఎటు తిరుగుతుందో వాతావరణ సూచన కంటే నమ్మకంగా చెబుతారు.

ఒకప్పుడు ద్వీపంగా ఉండి, చుట్టూ ఉన్న నీటిని గట్లు కట్టి వెళ్లగొట్టడంతో నేలలో కలిసిపోయిన బువాన్ ఊరి దగ్గర దారి సముద్రపు కరకట్టకు చేరువగా సాగుతుంది. ఒకవైపు ఆల్చిప్పల చెరువులు, కర్ర స్తంభాల మీద నిలబెట్టిన పడవ రేవులు. మరోవైపు సముద్ర మట్టానికి దాదాపు సమానమైన ఎత్తులో గోధుమ చేలు. ఆటు సమయంలో పడవలన్నీ బురదలో పక్కకు ఒరిగి ఉంటాయి. కొంగలు, పొడవాటి ఎర్రకాళ్ల నల్లరెక్కల పిట్టలు, పైకి వంగిన ముక్కుతో నీటిని జల్లెడ పట్టే అవోసెట్లు బాటకు పదిపదిహేను అడుగుల దూరంలోనే మేస్తుంటాయి. నడిచే మనిషిని చూసి ఎగిరిపోయే పక్షి సైకిలు మీద సాగిపోయే మనిషిని అంతగా లెక్కచేయదు. ఇంకాస్త దక్షిణాన బూరీన్ అనే పాత తరహా ఇళ్లు ఒకటీ అరా కనిపిస్తాయి: మట్టి గోడలు, సున్నం పూత, పైన రెల్లు కప్పు. వంతెనలు లేని రోజుల్లో ఇక్కడి మనుషులు పొడవాటి గెడకర్ర ఊతంగా ఒక గట్టు మీది నుంచి ఇంకో గట్టు మీదికి దూకి కాలువలు దాటేవారట. పండుగ రోజుల్లో ఆ విద్యను ఇప్పటికీ ప్రదర్శిస్తారు.

ఇక ఈ భాగంలో అందరూ ఎదురుచూసే పాసాజ్ ద్యు గ్వా. ప్రధాన భూభాగంలోని బోవ్వార్ నుంచి న్వార్ముతియే ద్వీపానికి సముద్రపు అడుగునే వేసిన నాలుగు కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు ఇది. రోజుకు రెండుసార్లు పూర్తిగా మునిగిపోతుంది. ఆటు పూర్తయ్యే సమయానికి గంటన్నర ముందు నుంచి, ఆ తర్వాత గంటన్నర వరకు మాత్రమే దాటాలని లెక్క. రెండు చివరలా ఆనాటి వేళలు రాసిన పెద్ద బోర్డులుంటాయి. ఆలస్యమై చిక్కుకున్నవారు ఎక్కి కూర్చోవడానికి దారి పొడవునా ఎత్తైన స్తంభాలు పాతారు. వాటి అవసరం ఏటా ఎవరికో ఒకరికి పడుతూనే ఉంటుంది. సైకిలుకు ఇది వినిపించినంత సుఖమైన దారి కాదు. కొంత భాగం తారు, కొంత భాగం పాత రాతి పరుపు. రాళ్ల సందుల్లో నాచు, అంచుల్లో జారే బురద. 1999 టూర్ ద ఫ్రాన్స్ రెండో దశలో ఇక్కడే గుంపుగా సైకిళ్లు జారిపడ్డాయి. ఆ దెబ్బకు స్విట్జర్లాండ్ క్రీడాకారుడు అలెక్స్ జూలె ఆరు నిమిషాలకు పైగా వెనకబడిపోయి, ఎంత శ్రమించినా చివరికి రెండో స్థానంతో సరిపెట్టుకున్నాడు. మనకు పోటీ ఏమీ లేదు కాబట్టి నీరు తగ్గడం మొదలైన వెంటనే కాకుండా రాళ్లు కాస్త ఆరనిచ్చి, ఆటు పూర్తయ్యే వేళకు దగ్గరగా బయలుదేరడం మంచిది. ఇరువైపులా ఊరి జనం గంపలు పట్టుకొని బురదలో గుల్లలు ఏరుకుంటూ ఉంటారు. వారి కార్లు రోడ్డు పక్కనే ఇసుకలో ఆపి ఉంటాయి. అందువల్ల ఇది వాహనాలు లేని దారి ఎంతమాత్రం కాదు. అయినా వదులుకోకూడదని నా అభిప్రాయం. అవతలికి చేరిన రోజు రాత్రే చైనును మంచినీటితో కడిగి నూనె వేయాలి, లేదంటే రెండు రోజుల్లో తుప్పు కిరకిరలాడుతుంది. తిరిగి రావడానికి ద్వీపం దక్షిణపు కొసన 1971లో ప్రారంభించిన వంతెన ఉంది; దాని మీద పక్కగాలి బలంగా తోస్తుంది.

ఆ వంతెన దిగే చోటున్న ఫ్రోమాంతీన్ నుంచి సాన్ జాన్ ద మోన్ మీదుగా సాన్ జీల్ వరకు ఉన్న భాగం పైన్ అడవి. మన తీరంలో ఇసుక కదలకుండా సరుగుడు తోటలు పెంచినట్టే, ఇక్కడ పంతొమ్మిదో శతాబ్దంలో పైన్ నాటారు. నీడ ఉంది, వాసన బాగుంటుంది, బాట మెలికలు తిరుగుతూ చిన్న చిన్న దిబ్బలెక్కి దిగుతుంది. అంతకుమించి దీని గురించి రాయడానికి పెద్దగా లేదు. జులై, ఆగస్టు నెలల్లో మాత్రం అటువైపు వెళ్లవద్దనే చెబుతాను. తీరపు విడిది పట్టణాల నుంచి కుటుంబాలన్నీ అద్దె సైకిళ్లతో ఒకేసారి ఈ బాట మీదికి వస్తాయి; ఎదురెదురుగా నాలుగు చక్రాల తొక్కుడు బళ్లు, కుక్కలు, ఐస్‌క్రీం పట్టుకొని ఒంటిచేత్తో తొక్కే పిల్లలు. కార్లు లేకపోయినా ఇది రద్దీయే. మే చివర, జూన్, సెప్టెంబరు నెలలు ఈ మార్గానికి సరైన కాలం.

లె సాబ్ల్ దొలోన్ పట్టణం వాండే గ్లోబ్ అనే ఒంటరి నావికుల ప్రపంచ పరిక్రమ పోటీకి 1989 నుంచీ ఆరంభ స్థానం. సైకిలు ప్రయాణికుడికి మాత్రం ఆ పట్టణం కంటే దాని వెనక ఉన్న ఒలోన్ చిత్తడి నేలే ముఖ్యం. సముద్రం ఇసుక దిబ్బల చాటున ఉండిపోతుంది. బాట పాత ఉప్పు మడుల గట్ల మీదుగా అటూ ఇటూ తిరుగుతూ పోతుంది. ఇక్కడ సాయంత్రం ఆరు దాటాక దోమలు దండెత్తుతాయి కాబట్టి పొడవు చేతుల చొక్కా దగ్గర ఉంచుకోవాలి.

నేల చదునుగా ఉందని చూసి రోజుకు ఎక్కువ దూరం పెట్టుకోవడం ఈ మార్గంలో చాలామంది వేసే తప్పు లెక్క. మరే బ్రెటాన్‌లోనూ, దక్షిణాన వచ్చే మరే ప్వాత్వాన్ చిత్తడిలోనూ గాలికి అడ్డం వచ్చే చెట్టు గానీ గోడ గానీ మైళ్ల దూరం వరకు ఉండదు. సముద్రం నుంచి వీచే గాలి మధ్యాహ్నానికి బలపడుతుంది. ఎదురైతే అది కొండ ఎక్కడంతో సమానమే. కొండకైతే శిఖరం ఉంటుంది, దిగుడూ ఉంటుంది. ఉదయం తొందరగా బయలుదేరి, బహిరంగ చిత్తడి భాగాలను మధ్యాహ్నం లోపు దాటేలా మజిలీలు వేసుకుంటే ప్రయాణం హాయిగా సాగుతుంది. నీడ లేకపోవడం వల్ల నీళ్లు కూడా ఎక్కువ మోయాలి. ఊళ్లో దుకాణాలు మూసి ఉన్నప్పుడు శ్మశానాల్లోని కుళాయిలే ఫ్రెంచి సైకిలు యాత్రికులకు ఆధారం. తాగడానికి పనికిరాదన్న బోర్డు లేదని చూసుకొని సీసాలు నింపుకోవచ్చు.

లా త్రాన్ష్ అనే తీరపు ఊరు దాటాక వచ్చే మరే ప్వాత్వాన్ ఈ ప్రయాణంలో నాకు అన్నిటికంటే ఎక్కువ నచ్చిన భాగం. దక్షిణ ఫ్రాన్సులోని కామార్గ్ తర్వాత దేశంలో ఇదే అతి పెద్ద చిత్తడి నేల. ఒకప్పుడు ఇదంతా సముద్రపు అఖాతం. పదమూడో శతాబ్దంలో ఐదు మఠాల సన్యాసులు కలిసి తవ్వించిన కాలువ ఇప్పటికీ ఐదు మఠాధిపతుల కాలువగానే పేరు నిలుపుకుంది. మత యుద్ధాల్లో పాడైన పనిని నాలుగో హెన్రీ రాజు 1599లో మళ్లీ మొదలుపెట్టించి, నెదర్లాండ్స్ నుంచి నిపుణులను రప్పించాడు. గట్టు మీద సైకిలు తొక్కుతూ చూస్తే ఆ పని ఎలా జరిగిందో వేరే చెప్పనక్కరలేదు: బయటివైపు పోటు నీటిని ఆపే కరకట్ట, లోపల వాన నీటిని పోగుచేసే కాలువ, ఆ రెండూ కలిసే చోట తలుపుల లాకు. ఆటు సమయంలో లోపలి నీటి ఒత్తిడికి తలుపులు తెరుచుకొని నీరు సముద్రంలోకి పోతుంది, పోటు రాగానే అవే మూసుకుంటాయి. గోదావరి డెల్టాలో పుట్టి పెరిగినవారెవరైనా ఈ లాకుల దగ్గర సైకిలు దిగకుండా ముందుకు పోలేరు.

ఆ కట్టల మీద ఉన్న భరోసా ఎంత పలచనిదో 2010 ఫిబ్రవరి 28 తెల్లవారుజామున తెలిసింది. క్సింథియా తుపాను పెద్ద పోటుతో కలిసి రావడంతో లా ఫోత్ సుర్ మేర్‌లో పల్లపు భూమిలో కట్టిన ఇళ్లు మునిగి 29 మంది చనిపోయారు. ఆ తర్వాత వందలాది ఇళ్లను ప్రభుత్వమే కొని పడగొట్టించింది. ఇప్పుడు అక్కడ ఖాళీ పచ్చిక, కొత్తగా ఎత్తుచేసిన గట్టు కనిపిస్తాయి. దాటిన వెంటనే ఎగ్వియోన్ అఖాతం వస్తుంది. జాతీయ ప్రకృతి సంరక్షణ ప్రాంతమైన ఆ బురద మైదానాల్లో శరదృతువు నుంచి వలస పక్షులు వేల సంఖ్యలో దిగుతాయి.

వెలోడిస్సే ఈ చిత్తడిలోని ఆరబెట్టిన సగం మీదుగానే పోయి మారాన్ పట్టణానికి చేరుతుంది. బయలు నేల, నల్లటి మన్ను, మొక్కజొన్న. ఈ మొక్కజొన్న కోసం పచ్చిక బీళ్లను దున్నేయడం వల్లే 1996లో మరే ప్వాత్వాన్ ప్రాంతీయ ప్రకృతి ఉద్యానవనం హోదాను పోగొట్టుకుంది. దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి 2014 దాకా పట్టింది. నీటితో నిండిన మిగతా సగాన్ని చూడాలంటే మారాన్ దగ్గర ప్రధాన మార్గాన్ని వదిలి, సెవ్ర్ నియోర్తేజ్ నది వెంబడి తూర్పుగా కూలోన్ దాకా వెళ్లాలి. రెండు రోజులు అదనంగా పట్టినా సరే, ఈ పక్కదారిని గట్టిగా సిఫారసు చేస్తాను. అటువైపు వెలో ఫ్రాన్సెత్ అనే మరో సైకిలు మార్గం ఉంది కనుక సూచికలకు లోటు లేదు. సన్నటి కాలువలు, నీటిని పూర్తిగా కప్పేసిన ఆకుపచ్చ నాచు, గట్టు కోసుకుపోకుండా వేళ్లతో పట్టి ఉంచే యాష్ చెట్లు. తరతరాలుగా వంటచెరకు కోసం కొమ్మలు నరుకుతూ రావడంతో ఆ చెట్ల తలలు బుడిపెల్లా ఉబ్బి ఉంటాయి. చదును అడుగు పడవ నడిపేవాడు గెడతో అడుగు బురదను కదిపి, పైకి వచ్చిన బుడగలకు అగ్గిపుల్ల గీసి చూపిస్తాడు. నీటి మీద నీలి మంట ఒక్క క్షణం పరుచుకొని ఆరిపోతుంది. పర్యాటకుల కోసం చేసే తంతే అయినా చూడవలసిందే.

బస విషయంలో 'ఆక్కెయ్ వెలో' ముద్ర ఉన్న ఇళ్లను, హోటళ్లను వెతుక్కోవడం మేలు. సైకిలు మార్గానికి 5 కిలోమీటర్ల లోపు ఉండి, తాళం వేసుకునే సైకిలు గది, మరమ్మతు సామాను, పెందలకడే అల్పాహారం ఇచ్చేవారికే ఆ ముద్ర దొరుకుతుంది. మేము దిగిన ఇళ్లన్నీ ఆ మాట నిలబెట్టుకున్నాయి. తిండి విషయంలో మాత్రం ముందుచూపు కావాలి. పగటి భోజనానికి మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు మధ్య తప్ప వంటగదులు తెరిచి ఉండవు. ఆదివారం మధ్యాహ్నం, సోమవారం పల్లెల్లో రొట్టె కూడా దొరకడం కష్టం. చేపలు, నత్తగుల్లలు తినేవారికి దిగులు లేదు. శాకాహారులకు వెల్లుల్లి, వెన్న పట్టించి కాల్చిన ప్రెఫూ అనే రొట్టె, చీజ్ పెట్టిన గోధుమేతర పిండి అట్లు దొరుకుతాయి. మోజెత్ అనే తెల్ల చిక్కుడు గింజల కూర రుచిలో మనకు దగ్గరగా ఉంటుంది గానీ అందులో పంది మాంసం ముక్కలు వేయడం మామూలు, అడిగి తెలుసుకోవాలి. నాలుగు పచ్చిమిరపకాయలో, చిన్న పొడి సీసానో సంచిలో ఉంటే ఆ గింజలు ఇంకా బాగుంటాయి.

సొంత సైకిలు లేనివారు అద్దెకు తీసుకొనేటప్పుడు సంచులను అక్కడే తగిలించి చూసుకోవాలి. మాకు ఒక దుకాణంలో ఇచ్చిన సైకిళ్ల క్యారియర్ కడ్డీలు లావుగా, సంచుల కొక్కేలు సన్నగా ఉండి, గతుకు వచ్చినప్పుడల్లా సంచి ఊడి చక్రానికి తగిలేది. తాడు కొనుక్కొని కట్టుకున్నాం. దుకాణానికి ఫోను చేస్తే అలా జరగదే అన్నారు.

మారాన్ నుంచి లా రొషెల్ దాకా చివరి మజిలీ నెపోలియన్ కాలంలో యుద్ధ ఖైదీలతో తవ్వించడం మొదలుపెట్టిన కాలువ వెంబడి, చెట్ల నీడన, సూటిగా సాగుతుంది. లా రొషెల్ 1970ల్లోనే పసుపు సైకిళ్లను జనం వాడకానికి ఉచితంగా పెట్టిన నగరం. రేవు దాకా ప్రత్యేక బాటలున్నాయి. తిరుగు ప్రయాణానికి నాంత్ వైపు రైళ్లున్నాయి గానీ వాటిలో సైకిళ్ల కొక్కేలు కొన్నే. వేసవిలో అవి ముందుగానే నిండిపోతాయి, చాలా రైళ్లకు సైకిలు రిజర్వేషన్ విడిగా చేయించాలి. సైకిలుకు టికెట్టు దొరికిన తేదీని బట్టి రాక ఖాయం చేసుకొని, ఆ తర్వాతే బసలు బుక్ చేసుకోవడం మంచిది.